ర్యామ్ దగ్గర ప్రాసెసర్ ఎంతసేపు ఆగుతది?

హైదరాబాద్

తమ్మీ,

చిన్నాయినకు జ్వరం తగ్గిందని చిన్నమ్మ చెప్పింది. మనసు నిమ్మళమైంది. పత్తి ఏరే పని ఎంత ఉన్నా ఇంకో వారం ఆయనను చేను దిక్కు పోనియ్యకు.

ఇగ నీ ముచ్చట. నువ్వు పంపిన రెండు ర్యామ్ ప్యాకెట్ల ఫొటోలు చూసిన. ఒకదాని మీద డీడీఆర్4-3200, సీఎల్16. ఇంకోదాని మీద డీడీఆర్4-3600, సీఎల్18. సీఎల్ తక్కువుండాలని ఒకరు, వేగం ఎక్కువుండాలని ఒకరు చెప్తున్నరు, ఏది కొనాలె అక్కా అని అడిగినవు. ఫోన్‌లో ఒక్క మాట చెప్పి ఊకుండొచ్చు. కానీ నువ్వు ఇప్పుడు పెండ్లి ఆల్బాలు, వీడియోలు చేసుకుంటనే చుట్టుపక్కల ఊర్లవాళ్లకు కంప్యూటర్లు కూడా కట్టి ఇస్తున్నవు. కొడవటంచ నుంచో, చెల్పూరు నుంచో ఒకాయన బిడ్డ చదువు కోసం మిర్చి అమ్మిన పైసలు తెచ్చి నీ చేతిలో పెడ్తడు. ఆ పైసల్లో ఎంత దేనికి పెట్టాలో తేల్చేది నువ్వే. అందుకే ఈ సంగతి నీకు మొదలు నుంచి తెలవాలని కూర్చొని రాస్తున్న.

ముందు ఒక లెక్క. సీఎల్16 అన్నప్పుడు ఆ 16 కాలం కాదు. గడియారం ఎన్నిసార్లు కొట్టుకోవాలో చెప్పే లెక్క అది. కాబట్టి ఒక్కో కొట్టుకు ఎంతసేపు పడుతదో తెలవకుంటే ఆ 16తో మనకు ఏమీ తెలవదు. 3200 ర్యామ్‌లో గడియారం 1600 మెగాహెర్ట్జ్ మీద నడుస్తది. ఒక్కో కొట్టుకు రెండుసార్లు డేటా పంపుతది కాబట్టి దాన్ని 3200 అని రాస్తరు. ఒక్కో కొట్టుకు పట్టేది 0.625 నానోసెకండ్లు. నానోసెకండ్ అంటే సెకండులో వంద కోట్లవ వంతు. 16ను దాంతో గుణించు, 10 నానోసెకండ్లు వస్తది. ఇప్పుడు 3600 ర్యామ్ చూడు. దాని గడియారం 1800 మెగాహెర్ట్జ్, కొట్టుకు 0.556 నానోసెకండ్లు. 18తో గుణిస్తే మళ్లీ 10 నానోసెకండ్లే. నువ్వు రాత్రంతా నిద్ర పాడుచేసుకొని పోల్చిన రెండు ప్యాకెట్లూ ఈ విషయంలో సరిసమానం.

సులువైన సూత్రం ఒకటి షాపు గోడ మీద రాసిపెట్టుకో. సీఎల్ అంకెను 2000తో గుణించి, ర్యామ్ వేగం అంకెతో భాగించాలె. వచ్చేది నానోసెకండ్లు. డీడీఆర్4-2400, సీఎల్17 అయితే 14.17. ఏ హంగూ లేని మామూలు 3200 స్టిక్కుకు సీఎల్22 ఉంటది, దానికి 13.75. డీడీఆర్5-4800, సీఎల్40 అయితే 16.67. డీడీఆర్5-6000, సీఎల్30 అయితే మళ్లీ 10. సీఎల్40 అని చూసి డీడీఆర్5 నెమ్మది అనుకునేవాళ్లు, 6000 అని చూసి డీడీఆర్4కు రెండింతల వేగంగా జవాబిస్తది అనుకునేవాళ్లు, ఇద్దరూ ఒక్క భాగహారం చేస్తే తేలిపోయేదాన్ని చేయక మోసపోతున్నరు.

ఈ 10 నానోసెకండ్లలో లోపల జరిగేదేంటో చెప్త. మన ఎమ్మార్వో ఆఫీసులో పాత పహాణీ రిజిస్టర్లు ఎట్లుండేవో యాది చేసుకో. నువ్వు ఒక సర్వే నంబరు అడుగుతవు. ఆ నంబరున్న రిజిస్టరు రికార్డు రూంలో ఉంటది. దాన్ని తెచ్చి బల్ల మీద తెరవాలె. తర్వాత అందులో నీ గీత వెతికి చదవాలె. బల్ల మీద అప్పటికే వేరే ఊరి రిజిస్టరు తెరిచి ఉంటే ముందు దాన్ని మూసి లోపల పెట్టి రావాలె. ర్యామ్‌లో కూడా డేటా వరుసలు వరుసలుగా ఉంటది. ఒక వరుసను తెరవడానికి పట్టే కాలం టీఆర్‌సీడీ. తెరిచిన వరుసలోంచి కావలసిన ముక్క బయటికి రావడానికి పట్టేది సీఎల్. పాత వరుసను మూయడానికి పట్టేది టీఆర్‌పీ. నీ మొదటి ప్యాకెట్ మీద 16-18-18-38 అని ఉంటది చూడు, వీటినే టైమింగులు అంటరు, అందులో మొదటి మూడూ ఇవే. నాలుగోది టీఆర్‌ఏఎస్, తెరిచిన వరుసను కనీసం ఎంతసేపు తెరిచే ఉంచాలో చెప్పేది.

అంటే ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో వేసే సీఎల్, రిజిస్టరు ముందే తెరిచి ఉన్నప్పటి మాట. నీ అదృష్టం బాగుంటే 10 నానోసెకండ్లు. బల్ల ఖాళీగా ఉండి రిజిస్టరు తేవాల్సి వస్తే ఇంకో 18 కొట్లు కలిసి 21.25. వేరే రిజిస్టరు మూసి రావాల్సి వస్తే 32.5. ఇదే మామూలు 22-22-22 స్టిక్కులో ఈ మూడు సందర్భాలూ 13.75, 27.5, 41.25 అయితవి. నీ రెండో ప్యాకెట్ వివరాల్లో 18-22-22-42 అని ఉంది. సీఎల్ కాలం మొదటిదానితో సమానమే అయినా, మిగతా రెండు అంకెల వల్ల చెడ్డ సందర్భంలో అది 34.4 దాకా పోతది. మళ్లీ ఒకేసారి మోసుకొచ్చే డేటాలో అదే ముందుంటది: సెకండుకు 28.8 గిగాబైట్లు, 3200కు అయితే 25.6. ఇటు రెండు నానోసెకండ్లు, అటు మూడు గిగాబైట్లు. ఏది తక్కువ ధరకు దొరికితే అది తీసుకో.

బల్ల ఒక్కటే ఉంటే పని సాగదు కదా. మన మిషన్లలో పెట్టే డీడీఆర్4 చిప్పుల్లో అట్లాంటివి సాధారణంగా 16 ఉంటయి, వాటిని బ్యాంకులు అంటరు. ఒక్కోదాంట్లో ఒక్కో వరుస తెరిచి ఉంచొచ్చు. డీడీఆర్5 వచ్చేసరికి అవి 32 అయినయి. ప్రాసెసర్‌లో ఉండే మెమరీ కంట్రోలర్ కూడా తెలివిగలది. తెరిచి ఉన్న రిజిస్టరులోనే పనున్నవాళ్లను ముందు పంపి, మూసి తెరవాల్సిన పనిని కొంచెం వెనక్కి జరుపుతది. సీఎల్ అంకె చూడటానికి పెద్దగా ఉన్నా డీడీఆర్5 చాలా పనుల్లో వెనకబడకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ పదీ ఇరవై నానోసెకండ్లు నీ పెండ్లి వీడియోకు ఎంత లెక్క?

నాలుగు గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌లో ఒక నానోసెకండ్‌కు నాలుగు కొట్లు. డేటా దాని పక్కనే ఉన్న మొదటి క్యాష్‌లో, అంటే ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న మెమరీలో, దొరికితే నాలుగైదు కొట్లలో చేతికొస్తది. రెండో క్యాష్‌లో అయితే పన్నెండు పద్నాలుగు. మూడోదాంట్లో అయితే నలభై యాభై, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. అక్కడా లేకపోతే ర్యామ్ దాకా పోవాలె. క్యాష్‌లన్నీ వెతకడం, కంట్రోలర్ దగ్గర వరుసలో నిలబడటం, మదర్‌బోర్డు తీగల మీద పోయి రావడం, వీటన్నిటితో కలిపి మామూలు డెస్క్‌టాప్‌లో 70, 80 నానోసెకండ్లు పడుతది. అంటే మూడు వందల కొట్లు. ఆ మూడు వందల కొట్లలో ప్రాసెసర్ వేరే పని దొరికితే చేసుకుంటది, దొరకకపోతే ఉత్తగనే నిలబడ్తది. అన్ని వేలు పోసి కొన్న ప్రాసెసర్ ఉత్తగ నిలబడటం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటది. నేను ఈ మెమరీ పనిలో ఇన్నేండ్లు ఉండటానికి అదే కారణం.

కానీ చూడు, ఆ 80లో టైమింగుల వాటా ఎంత? మామూలు స్టిక్కుకూ, మంచి స్టిక్కుకూ తేడా చెడ్డ సందర్భంలో కూడా తొమ్మిది నానోసెకండ్లు దాటలేదు. అదీ ర్యామ్ దాకా పోయినప్పుడే. ప్రాసెసర్ అడిగేదాంట్లో ఎక్కువ భాగం క్యాష్‌లోనే దొరుకుతది కాబట్టి చివరికి నీ పనిలో కనబడే తేడా చాలాసార్లు రెండు మూడు శాతానికి మించదు. కొన్ని పనుల్లో పదికి దగ్గరగా పోతది. ఏ పనుల్లో అన్నది తెలుసుకోవడమే ఇందులో ఉన్న విద్య.

వీడియో తీసుకో. ఫ్రేము తర్వాత ఫ్రేము, వరుసగా చదువుకుంట పోయే పని. ఇట్ల వరుసగా పోయేటప్పుడు తర్వాత ఏది కావాలెనో ప్రాసెసర్ ముందే పసిగట్టి తెప్పించి పెట్టుకుంటది. కాబట్టి జవాబు రావడానికి పట్టే కాలం దాదాపు కప్పబడిపోతది. ఇక్కడ కావలసింది ఒకేసారి ఎక్కువ మోసుకొచ్చే సత్తా, ఇంకా ముఖ్యంగా సరిపడా ర్యామ్. ఎడియస్‌లోనో ప్రీమియర్‌లోనో 4కే క్లిప్పులు పరిచి, పక్కన ఫొటోషాప్‌లో ఆల్బం తెరిచి, బ్రౌజర్ కూడా నడుపుతుంటవు నువ్వు. ర్యామ్ నిండిపోతే విండోస్ మిగిలింది డిస్కులోకి తోస్తది. 80 నానోసెకండ్ల పని ఎస్‌ఎస్‌డీలో వంద మైక్రోసెకండ్ల దాకా పడుతది, అంటే వెయ్యి రెట్లు. పాత హార్డ్‌డిస్కు అయితే పది మిల్లీసెకండ్లు, లక్ష రెట్లకు పైమాట. మిషన్ హ్యాంగ్ అయిందని నువ్వు బల్ల కొట్టేది అప్పుడే. సీఎల్18ని సీఎల్16 చేస్తే శాతాల్లో లాభం. 8 జీబీని 32 చేస్తే కొన్ని పనుల్లో వేల రెట్ల నష్టం తప్పుతది. ఈ రెండింటినీ ఒకే త్రాసులో పెట్టొద్దు.

ఆటలాడే పిల్లలు వచ్చినప్పుడు మాత్రం టైమింగులు పట్టించుకో. ఆటలో ప్రోగ్రాం ఒక చోటు నుంచి ఇంకో చోటుకు దూకుతనే ఉంటది. తర్వాత ఎటు పోతదో ప్రాసెసర్‌కు ముందుగా తెలవదు. అందుకే సగటు వేగం బాగున్నా మధ్యమధ్యలో బొమ్మ తడబడ్తది. ఏఎమ్‌డీ 2022లో 5800ఎక్స్3డీ అని 96 మెగాబైట్ల మూడో క్యాష్ ఉన్న ప్రాసెసర్ తెచ్చింది. ఆటల్లో అది అంత పేరు తెచ్చుకోవడానికి కారణం ర్యామ్ దాకా పోయే అవసరాన్నే తగ్గించడం. ఫైళ్లను కుదించే పని కూడా ఇసుమంటిదే. సెవెన్‌జిప్‌లో ఉండే బెంచ్‌మార్క్ ర్యామ్ ఆలస్యాన్ని బాగా పట్టిస్తది, ఉచితం కూడా.

చెల్లె వరంగల్‌లో బీటెక్ చదువుతున్నది కదా, ఈ ముక్క ఆమెకు కూడా చదివి వినిపించు. లింక్డ్ లిస్టులో ప్రతి ముక్క తర్వాతి ముక్క అడ్రసును తన దగ్గర పెట్టుకుంటది. ఇది చేతికొస్తేగానీ తర్వాతిది ఎక్కడుందో తెలవదు. అది క్యాష్‌లో లేకపోతే ప్రతి అడుగుకూ 80 నానోసెకండ్లు ఆగాలె. అదే లెక్కను అర్రేలో వరుసగా పెడితే, పోయి వచ్చిన ప్రతిసారీ 64 బైట్లు కలిసి వస్తయి, తర్వాతివి ముందే వచ్చి కూర్చుంటయి. పరీక్షలో రెండింటికీ ఒకే జవాబు, మార్కులూ ఒకటే. మిషన్ మీద చాలా రెట్లు తేడా. ఖరీదైన ర్యామ్ తేలేని వేగం ఆమె రాసే నాలుగు లైన్లు తెస్తయి. ఆమెకు ఇప్పటి నుంచే ఈ చూపు అలవాటు కావాలని నా కోరిక.

ఇన్నేండ్లలో ఈ ఆలస్యం తగ్గలేదా అంటే, నిజంగానే పెద్దగా తగ్గలేదు. 1990ల చివర వచ్చిన పీసీ100 ర్యామ్‌కు సీఎల్2, అంటే 20 నానోసెకండ్లు. డీడీఆర్-400, సీఎల్3కి 15. డీడీఆర్3-1600, సీఎల్11కి 13.75. ఇవాళ్టి మామూలు డీడీఆర్4-3200కి కూడా అదే 13.75. అదే కాలంలో మోసే సత్తా సెకండుకు 0.8 గిగాబైట్ల నుంచి డీడీఆర్5-6000లో 48 దాకా, అరవై రెట్లు పెరిగింది. 1995లోనే వర్జీనియా విశ్వవిద్యాలయంలో విలియం వుల్ఫ్, శాలీ మెక్కీ ఈ సంగతి రాసి, ప్రాసెసర్లు ఇట్లనే వేగం పెంచుకుంట పోతే ఒకరోజు మెమరీ గోడకు గుద్దుకుంటయని హెచ్చరించిన్రు. క్యాష్‌లు ఇంతింత పెరగడం ఆ గోడను చుట్టి పోవడానికే.

తగ్గకపోవడానికి కారణం ఆ చిప్పు పుట్టుకలోనే ఉంది. 1966లో ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్ ఒక్కో బిట్టును ఒక్క ట్రాన్సిస్టర్, ఒక్క కెపాసిటర్‌తో దాచొచ్చని ఆలోచన చేసిండు. 1968లో పేటెంట్ వచ్చింది. ఆ కెపాసిటర్‌లో పట్టే విద్యుత్తు ఎంత తక్కువంటే, దాన్ని పొడుగాటి తీగ మీదికి వదిలితే ఆ తీగ వోల్టేజీ కొద్దిగా కదులుతది, అంతే. ఆ కదలికను పట్టుకొని పెంచి, అది సున్నానా ఒకటా తేల్చడానికి కొంత టైం కావాలె. చదవగానే కెపాసిటర్‌లోది పోతది కాబట్టి తిరిగి నింపాలె. టీఆర్‌ఏఎస్ అంతసేపు ఉండేది అందుకే. 1973లో మోస్టెక్ కంపెనీ తన 4 కిలోబిట్ల చిప్పులో అడ్రసును ఒకేసారి కాకుండా వరుస ముందు, నిలువు తర్వాత అని రెండు వాయిదాల్లో పంపే పద్ధతి తెచ్చి, చిప్పు కాళ్లను 22 నుంచి 16కు తగ్గించింది. మనం ఇవాళ టీఆర్‌సీడీ, సీఎల్ అని వేరువేరుగా లెక్కపెట్టే పద్ధతి అక్కడిది. తీగలను పొట్టిగా చేస్తే ఆలస్యం తగ్గుతది, కానీ అదే చిప్పులో పట్టే డేటా తగ్గి ధర పెరుగుతది. కొనేవాళ్లందరూ తక్కువ ధరకు ఎక్కువ జీబీలే అడిగిన్రు, కంపెనీలూ అదే దారి పట్టినయి. ఇక్కడ హైదరాబాద్‌లో మైక్రాన్ 2019లో తన కేంద్రం తెరిచినంక మెమరీ పని చేసే మన పిల్లలు చాలామంది అయిన్రు. అందరం తిరిగి తిరిగి కొట్టుకునేది ఈ ఒక్క గోడకే.

ఇగ నీకు అన్నిటికంటే ముఖ్యంగా చెప్పాల్సింది. నీ షాపు రేకుల షెడ్డు. మే నెలలో మన దిక్కు ఎండ ఎట్లుంటదో నీకు నేను చెప్పేదేముంది. బొగ్గుబాయిల ప్రాంతం, 45 డిగ్రీలు కొత్త కాదు. ర్యామ్ కెపాసిటర్‌లో దాచిన విద్యుత్తు కారిపోతనే ఉంటది. అందుకే డీడీఆర్4లో 64 మిల్లీసెకండ్లకోసారి ప్రతి వరుసనూ తిరిగి నింపాలె. వేడి పెరిగినకొద్దీ కారడం కూడా పెరుగుతది. చిప్పు 85 డిగ్రీలు దాటితే ఆ నింపడం 32 మిల్లీసెకండ్లకోసారి చేయాలని నియమం. నింపేటంతసేపూ ఆ వరుసలు చదవడానికి దొరకవు. మామూలు స్టిక్కు మీద ఉండే 22-22-22 లాంటి అంకెలు అందుకే కాస్త వదులుగా ఉంటయి. తయారైన చిప్పుల్లో అన్నిటికంటే బలహీనమైనది, అంత వేడిలో కూడా తప్పు చేయకూడదని లెక్కగట్టి పెట్టిన గడువులు అవి.

2015లో అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మూడు కంపెనీల 115 ర్యామ్ స్టిక్కులను పరీక్షించిన్రు. 55 డిగ్రీల దగ్గర టైమింగులను చాలా తగ్గించినా తప్పులు రాలేదని చూపించిన్రు. వాళ్లు చెప్పింది నిజమే, కానీ దాన్ని మనం ఒప్పుగా అర్థం చేసుకోవాలె. చల్లగా ఉన్నప్పుడు గడువులో కొంత మిగులు ఉంటది. బిగించిన టైమింగులు ఆ మిగులునే వాడుకుంటయి. సంక్రాంతికి కట్టిన మిషన్ సీఎల్14 మీద చక్కగా నడిచిందంటే మే నెల పెండ్లిళ్ల సీజన్‌లో కూడా నడుస్తదని హామీ లేదు. నడవకపోతే ఆగిపోయినా బాగుండు. ఒక్క బిట్టు మెల్లగా తప్పుతది. ఫొటోలో సగం బూడిద రంగు పట్టీ వస్తది, వీడియో మధ్యలో చెడిపోతది. తలంబ్రాలు మళ్లీ పోయించలేం. జనం నీ చేతిలో పెట్టేది తిరిగి తీయలేని ఫొటోలు. రెండు శాతం వేగం కోసం వాటిని పణంగా పెట్టొద్దు.

కాబట్టి నీ షాపు మిషన్‌లో టైమింగులు చేతితో బిగించే పని పెట్టుకోకు. కంపెనీ పరీక్షించి స్టిక్కులోనే రాసిపెట్టిన ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ ఒక్కటి ఆన్ చేయి. చాలామంది 3200 ర్యామ్ కొని దాన్ని 2133 మీదనో 2400 మీదనో ఏండ్ల తరబడి నడుపుతుంటరు. అట్లాంటి స్టిక్కు పెట్టగానే బోర్డు సురక్షితమైన మామూలు వేగం ఎంచుకుంటది, బయోస్‌లోకి పోయి మనమే మార్చాలె. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, అందులో మెమరీ నొక్కితే ఎంత వేగం మీద నడుస్తుందో కనబడ్తది. సీపీయూ-జెడ్‌లో చూస్తే సగం అంకె కనబడ్తది, భయపడకు, అది గడియారం వేగం. ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే డీడీఆర్4 స్టిక్కులకు వోల్టేజీ 1.2 నుంచి చాలావరకు 1.35కు పోతది, కొంచెం వేడెక్కుతది. క్యాబినెట్‌లోకి గాలి పోయే దారి, వచ్చే దారి రెండూ ఉండేటట్టు చూడు. జాలీలో పట్టిన దుమ్ము నెలకోసారి దులుపు. మీ సెంటర్‌లో లారీలు లేపే దుమ్ము తక్కువ కాదు.

ఇంకోటి, ఒక్క 32 జీబీ స్టిక్కు తీసుకోకు. 16 జీబీవి రెండు తీసుకొని, ప్రాసెసర్ దిక్కు నుంచి లెక్కపెట్టి రెండో స్లాటులో ఒకటి, నాలుగోదాంట్లో ఒకటి పెట్టు. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో చాలావరకు ఇదే పద్ధతి, బోర్డు పుస్తకంలో కూడా చూసుకో. రెండు దార్లు తెరుచుకొని మోసే సత్తా రెట్టింపు అయితది. గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్ మీదనే నడిచే మిషన్లకు దీనివల్ల వచ్చే లాభం ఏ సీఎల్ అంకె వల్లా రాదు. ఆ రెండు స్టిక్కులూ ఒకే ప్యాకెట్‌లో వచ్చినవి కావాలె. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒకటి, వరంగల్‌లో ఇంకోటి కొని కలిపితే రెండూ నెమ్మదైనదాని లెక్కకే నడుస్తయి, ఒక్కోసారి ఎక్స్‌ఎంపీ మీద అసలు నిలబడవు.

ధరల సంగతి నీకు తెలుసు. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ కంపెనీలు అటు మళ్లినయి, 2025 చివరి నుంచి మామూలు ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగినయి. ఇట్లాంటి టైంలో తక్కువ సీఎల్ కోసం అదనంగా పెట్టే ప్రతి రూపాయి ఎక్కడి నుంచి కోస్తున్నవో చూసుకో. చదువుకునే పిల్లకు మిషన్ కడ్తున్నప్పుడు 8 జీబీవి రెండు మామూలు స్టిక్కులు, ఒక మంచి ఎస్‌ఎస్‌డీ, కరెంటు పోయినా మిషన్ ఆగకుండా ఒక యూపీఎస్, ఇవి అయినంకనే మెరిసే మూతలున్న ర్యామ్ మాట. ఆ మూతల కింద ఉన్న చిప్పుకు మెరుపుతో పనిలేదు. మీసేవ వాళ్లకు, ఫ్లెక్సీ వాళ్లకు కూడా ఇదే చెప్పు. ల్యాప్‌టాప్ అడిగేవాళ్లకు ఒక మాట అదనంగా చెప్పు. సన్నటివాటిలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటది, తర్వాత మార్చలేరు, టైమింగులూ మన చేతిలో ఉండవు, కాబట్టి మొదటే సరిపడా జీబీలు తీసుకోమను.

నా మాట మీద కూడా ఊరికే నమ్మకం పెట్టొద్దు. కొత్త స్టిక్కులు రాగానే పాత పెండ్లి ప్రాజెక్టు ఒకటి తీసి, ఎక్స్‌ఎంపీ ఆఫ్ ఉన్నప్పుడు ఎక్స్‌పోర్ట్‌కు ఎన్ని నిమిషాలు పట్టిందో, ఆన్ చేసినంక ఎన్ని పట్టిందో రాసుకో. ప్రతిసారీ మిషన్ రీస్టార్ట్ చేసి, అదే ఫైలు, అవే సెట్టింగులు పెట్టు. సెవెన్‌జిప్ బెంచ్‌మార్క్ కూడా రెండుసార్లూ నడుపు. ఒకదాంట్లో ఎక్కువ తేడా, ఇంకోదాంట్లో దాదాపు సున్నా వస్తదని నేను అనుకుంటున్న. రెండూ నీ కండ్లతో చూసినంక కొనేవాళ్లకు నువ్వు చెప్పే మాటలో బలం ఉంటది.

ఆ తర్వాత ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, రాత్రి షాపు మూసేముందు పెట్టి పో. పొద్దున ఒక్క ఎర్ర గీత కనబడ్డా ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేసి మళ్లీ నడుపు. అప్పుడూ వస్తే స్టిక్కు వాపస్ చేయి, బిల్లు దాచిపెట్టు. ఏప్రిల్ చివర ఎండ ముదిరినంక మధ్యాహ్నం పూట ఇదే పరీక్ష మళ్లీ చేయి, ఫ్యాన్ ఎటు తిప్పి పెట్టినవో అట్లనే ఉంచి. కస్టమర్లకు కట్టిచ్చిన మిషన్లలో ఎక్స్‌ఎంపీ ఆన్ చేసినవి ఏవో ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుంటే, ఎండకాలం వాళ్ల దగ్గర నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఎక్కడ మొదలు పెట్టాలో నీకు తెలుస్తది.

పాత మిషన్‌లో ఉన్న స్టిక్కు మీది స్టిక్కర్ ఫొటో ఒకటి తీసి పంపు, అది కొత్త బోర్డుకు పనికొస్తదో లేదో చూసి చెప్త. చిన్నమ్మకు నా దండాలు చెప్పు.

మీ అక్క